కొసరుగా ఇచ్చిన చలి

మనిషి చెమటకు కూడా లెక్క ఉంటుందని యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. మే నెలలో మా కడియం వైపు ఎండలో పనిచేసే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోతుందట. మా అమ్మాయి హైమవతి చెప్పింది. ఆ లీటరు పోతేనే మనిషి నిలుస్తాడు. అది పోకపోతే మనిషి పోతాడు. ముప్పై ఐదేళ్ళుగా మొక్కలు అమ్ముతున్నాను. ఏది పోయింది, ఏది మిగిలింది అని సాయంత్రానికి కూడి తీసి చూసుకోవడం నా అలవాటు. ఈ ఒక్క లెక్క మాత్రం తలకిందులుగా వేశాను.

మాది కాలువ గట్టు కింద మూడెకరాల నర్సరీ. రోడ్డు పక్క రేకుల షెడ్డులో కూర్చుని బేరాలు చూసేది నేను. లోపల షేడ్ నెట్టు కింద అంట్లు కట్టేది నా భార్య మంగతాయారు. పొద్దున ఆరింటికి కత్తి పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి మూడు వందల అంట్లు కట్టేస్తుంది. అందులో రెండు వందల తొంభై బతుకుతాయి. ఆ చేయి చూసే నా నోట్లో మాటకు విలువ వచ్చింది.

హైమ హిమాచల్ కొండల్లో ఆరేళ్ళు మొక్కల మీద పరిశోధన చేసి, తడి గోనెగుడ్డలో చుట్టిన పన్నీరు గులాబీ కొమ్మలతో తిరిగి వచ్చింది. ఆ పువ్వు ఒక్కటి గదిలో పెడితే మూడు రోజుల దాకా గదిలో ఇంకే వాసనా నిలవదు. మా నేలలో ఆ మొక్క నిలువెత్తు పొదలా పెరుగుతుంది గాని పూయదు. చలి తగిలితేనే మొగ్గ వేస్తుంది. ఇక్కడి నర్సరీల వాళ్ళం అందరం ఎప్పుడో ఆశ వదులుకున్న మొక్క అది. ఆ మాటే హైమతో అన్నాను.

"చలి అక్కర్లేదు నాన్నా. చలి వచ్చిందన్న కబురు చాలు దానికి" అంది.

మా కంచె పక్కనే మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు రొయ్యల పెట్టెలు పెట్టిన చల్లగదిని హైమ అద్దెకు తీసుకుని, అందులో పన్నెండు పొదలు పెట్టింది. వాటి మీద దీపాలు, వెనక పెద్ద ఫ్యాను, ఫ్యాను దగ్గరినుంచి గోడ మీదుగా మా షేడ్ నెట్టులోకి దూలమంత లావు పైపు. ఒక మొక్కను పురుగు కొరికితే పక్క మొక్కకు వాసన ద్వారానే ఆ సంగతి తెలిసి ఆకును చేదు చేసుకుంటుందట. చలి సంగతి కూడా మొక్కలు అలాగే చెప్పుకుంటాయి. చాలా మెల్లగా చెప్పుకుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంగతి అందరికంటే గట్టిగా చెప్పే పొదల్ని ఏరి, వాటిని వాటితోనే కలిపి, హైమ అక్కడ కొండల్లోనే ఐదేళ్ళు పెంచింది. వాటి పువ్వుల వాసన పైపులోంచి పన్నెండు రోజులు వచ్చింది. నెట్టులో ఉన్న నాలుగు వందల మొక్కలూ నమ్మేశాయి. ఇరవై ఒకటో రోజున, ఫాల్గుణ మాసపు ఎండలో, మా గోదావరి మట్టిలో పన్నీరు గులాబీ పూసింది. ఒకసారి నమ్మిన మొక్క తన పువ్వుతో పక్కదానికి తానే కబురు చెబుతుంది కాబట్టి, ఆపైన పైపుతో కూడా పనిలేదు.

దానికి 'మంచు పన్నీరు' అని పేరు పెట్టింది నేనే. పేరు బాగుంటే సగం అమ్ముడైనట్టే.

హైమ ఒక్క షరతు పెట్టింది. వాటినుంచి కట్టిన అంట్లు ఏడాది పాటు పరీక్షకు పది మంది రైతులకే ఇవ్వాలి, ప్రతి మొక్కకూ నంబరు బిళ్ళ ఉండాలి, ఏ మొక్క ఎక్కడుందో తనకు తెలియాలి. సరేనన్నాను. బిళ్ళ కట్టినవి ఒక్కటి కూడా బయటికి పోనివ్వలేదు. ఆ మాట నిలబెట్టుకున్నాను.

అయితే పది మొక్కలు కొన్నవాడి చేతిలో పదకొండోది పెట్టకుండా పంపడం మా నాన్న నాకు నేర్పలేదు. మా వ్యాపారంలో కొసరు పెట్టనివాడి గుమ్మం రెండోసారి ఎవరూ ఎక్కరు. కొసరుకు బిల్లు ఉండదు, బిళ్ళ ఉండదు. ఎప్పుడూ వంకర మొక్కో, వరసలో మిగిలిపోయిందో పెడతాం. మంచు పన్నీరు అంట్లలో వంకరవి నలభై ఒకటి తేలాయి. పారేయమని హైమ చెప్పింది. వేరున్న మొక్కను పారేయడం నా వల్ల కాలేదు. కొబ్బరి కొన్నవాడికి ఒకటి, జామ కొన్నవాడికి ఒకటి, మొగ్గతో సహా చేతిలో పెట్టి పంపాను. ఇవి పరీక్ష మొక్కలు కావు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తీసుకున్న ప్రతివాడూ వాసన చూసి మళ్ళీ వచ్చాడు. ఆ వేసవిలో నా బేరాలు రెట్టింపయ్యాయి.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర గమనించాను. మంగతాయారు జాకెట్టు పొడిగా ఉంది. ఏ ఏడాదీ ఆ నెలలో ఆమె వీపు తడవకుండా చూడలేదు. "ఈసారి నీకు ఎండ తగలడం లేదే" అన్నాను. "ఆ పూల చల్లదనం అండి. లోపల కూర్చుంటే అసలు వేడే తెలియడం లేదు" అంది. నాకు సంతోషం వేసింది. ఆ మాట కూడా బేరాల్లో వాడాను. మంచు పన్నీరు ఇంట్లో ఉంటే ఫ్యాను అక్కర్లేదని చెప్పుకున్నాను.

వారం తిరక్కుండా సింహాచలం పడిపోయాడు. మా దగ్గర పాతికేళ్ళుగా లోడింగ్ చేసే మనిషి. లారీ నిండా ఎక్కించిన మొక్కల్ని ఒక్క చూపుతో చూసి ఎన్నో చెప్పేవాడు. ఎప్పుడూ రెండు మూడు మించి తేడా రాలేదు. ఆ రోజు నెట్టులోంచి కుండీలు మోస్తూ మోస్తూ, ఏదో మర్చిపోయినట్టు ఆగి, కూలిపోయాడు. నేను పరుగెత్తుకెళ్ళి ముట్టుకుంటే ఆవంలోంచి అప్పుడే తీసిన కుండలా ఉన్నాడు. అంత వేడిలోనూ ఒంటి మీద తడి చుక్క లేదు. రాజమండ్రి ఆసుపత్రిలో వేశాం. వడదెబ్బ అన్నారు. తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాడు. ఎదురుగా ఆరు కుండీలు పెట్టి ఎన్నని అడిగితే, ఐదు దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఐదు దగ్గరే ఆగి, "ఇంకోటి ఉందండి గాని, దాని పేరు రావడం లేదండి" అన్నాడు.

సింహాచలాన్ని ఆసుపత్రిలో చేర్చి వచ్చిన రోజే హైమ అద్దుడు కాగితం ముక్కలుగా కత్తిరించింది. మమ్మల్నందరినీ రేకుల షెడ్డులో పది నిమిషాలు కూర్చోబెట్టి, ముంజేతులకు ఆ ముక్కలు అంటించింది. నాది ఊడి కింద పడింది, అంత తడిసింది. నేను రోడ్డు పక్కన కూర్చునేవాణ్ణి. హైమది అంచున కాస్త తడిసింది. అంట్లు కట్టే ఆడవాళ్ళు ఏడుగురివీ, మంగతాయారుదీ ఎలా అంటించినవి అలా ఉన్నాయి. మంగతాయారు చేతి మీది ముక్కను హైమ వెలుతురుకు ఎత్తి చూసింది. రాసుకోవడానికి కూడా పనికొచ్చేంత పొడిగా ఉంది.

"అమ్మ ఒళ్ళు మాఘమాసంలో ఉంది నాన్నా" అంది. "చలి వచ్చిందని మొక్క నమ్మినట్టే ఒళ్ళూ నమ్మింది. లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టుకుని కూర్చుంది."

ఆ రోజే చల్లగదిలోని పొదలు తగలబెట్టింది. పది మంది రైతులకూ ఫోన్లు చేసి, బిళ్ళలున్న మొక్కల మొగ్గలన్నీ తుంచేసి పీకి కాల్చమని చెప్పింది. అప్పుడు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "పారేసినవి ఎక్కడ పారేశావు నాన్నా? వాటిని కూడా తగలబెట్టాలి."

బేరం పోతుందంటే అబద్ధం చెప్పగలను. ఆ పిల్ల మొహం చూసి చెప్పలేకపోయాను. పారేయలేదన్నాను.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"ఎవరికి?"

"కొసరు ఎవరికి పెట్టామో ఎవరైనా రాసుకుంటారా అమ్మా?"

హైమ లేచింది. తన చేతిలో ఉన్న పొడి కాగితాన్ని నా ముందు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆటోకు మైకు కట్టి బయలుదేరాను. బుర్రిలంక, పొట్టిలంక, దుళ్ళ, వేమగిరి, జేగురుపాడు. ఎవరికి ఏం అమ్మానో గుర్తు తెచ్చుకుంటూ, ఇల్లిల్లూ తిరిగాను. జనం నవ్వారు. "కొసరు వెనక్కి అడిగే వ్యాపారం ఎప్పుడు మొదలెట్టారండి నూకరాజు గారూ? పోనీ, రేపటినుంచి మజ్జిగ పోసి గ్లాసుతో పాటు మజ్జిగా అడుగుతారేమో" అన్నాడు ఒకాయన. అంత ఎండలో నిలబడి నవ్విన ఆయన చొక్కా పొడిగా ఉంది.

పదిహేనో ఇంటి దగ్గర అసలు సంగతి తెలిసింది. నేనిచ్చింది ఒక్క మొక్క. ఆ ఇంటి చుట్టుపక్కల పెరళ్ళలో కొమ్మలు గుచ్చి ఉన్నాయి. మా వైపు పక్కింటి గులాబీ కొమ్మ తుంచుకోవడం తప్పు కాదు. అడిగి తెచ్చుకున్న కొమ్మ వేరు పట్టదని నమ్మకం, అందుకే ఎవరూ అడగరు. ఎవరు తుంచారో ఇంటివాళ్ళకే తెలియదు. తుంచినవాళ్ళు ఒప్పుకోరు. పైగా కడియం మనుషులకు కొమ్మను ఎలా బతికించాలో ఒకరు నేర్పక్కర్లేదు.

బుర్రిలంక సెంటర్లో టీ కొట్టు పెట్టుకున్న మాణిక్యం, కొట్టు వెనక గదిలో మనవరాలి ఉయ్యాల పక్కనే కుండీ పెట్టుకుంది. ఆర్నెల్ల పిల్ల. నన్ను చూసి మాణిక్యం మొహం వికసించింది. "మీ చలవేనండి. ఈ ఏడాది పాపకి ఒక్క చెమటకాయ లేదండి. పౌడరు డబ్బా కొన్నది కొన్నట్టే ఉంది. ఏడవడం కూడా మానేసింది" అంది. నేను పాప పాదం పట్టుకున్నాను. పొయ్యి పక్కన పెట్టిన పింగాణీ గిన్నెలా ఉంది. పాప నా వేలును పట్టుకోలేదు. కళ్ళు సగం తెరిచి చూసింది, అంతే. పాపను మాణిక్యం చేత ఎత్తించి, అలాగే ఆటోలో హైమ దగ్గరికి తీసుకువచ్చాను.

తొమ్మిది రోజుల్లో ముప్పై తొమ్మిది మొక్కలు దొరికాయి. కొమ్మలనుంచి పుట్టినవి డెబ్భై పైన. కాగితం తడవని మనుషులు నూట పన్నెండు మంది తేలారు. మొక్కలు తీసేశాం కదా, మరి ఒళ్ళు ఎప్పుడు మర్చిపోతుందని హైమను అడిగాను. ఎన్నాళ్ళు నమ్మిందో అన్నాళ్ళు పడుతుందంది. రెండు నెలలు నమ్మిన ఒళ్ళు రెండు నెలలు. రోహిణీ కార్తెకు పదకొండు రోజులుంది.

ఒకే ఒక్క దారి మిగిలింది. హైమ కొండల్లో పెంచిన వెయ్యి పొదల్లో ఒకటి వింతగా ఎండలోనే పూసేది. దాని కొమ్మను కూడా తెచ్చి, రేకుల షెడ్డు వెనక కుండీలో విడిగా పెంచింది. దాని వాసన చెప్పేది వేడి కబురు. నేను ఊళ్ళు తిరుగుతుండగానే హైమ దాని పక్కన నాలుగు రోజులు కూర్చుంది. నాలుగో రోజు ఆమె కాగితం పూర్తిగా తడిసింది. ఆ పొద మీద మొగ్గలు ఇంకో పన్నెండు రోజులు పూసేంత మాత్రమే ఉన్నాయి.

నేను లెక్క వేశాను. వాసన పలచబడకుండా ఉండాలంటే ఒక గదిలో ఎనిమిది మంది కూర్చోవచ్చు. మనిషికి నాలుగు రోజులు. పన్నెండు రోజులకు మూడు జట్లు, ఇరవై నాలుగు మంది బాగుపడతారు. లేదంటే పొదను ఫ్యాను ముందు పెట్టి వాసనంతా పైపులోకి పంపాలి. నెట్టులో మొగ్గలు తుంచి ఉంచిన మా నాలుగు వందల మొక్కలు పన్నెండు రోజుల్లో కబురు మార్చుకుంటాయి, మరో తొమ్మిది రోజులకు పూస్తాయి. అప్పుడు ఇంటికి మూడు మొక్కలు పంపవచ్చు. అందరూ బాగుపడతారు. కానీ అది ఇరవై ఒకటో రోజు. అప్పటికి రోహిణిలో పది రోజులు గడిచి ఉంటాయి. అప్పటిదాకా ఒక్కరికీ చెమట ఉండదు.

మొదటి జట్టులో మంగతాయారు, పాప, సింహాచలం అని వేళ్ళు మడిచాను. నెట్టు గుమ్మంలో మంగతాయారు నిలబడి ఉందని అప్పుడు గమనించాను.

"మీరు ఇరవై నాలుగు మందిని ఎంచితే, మిగతా ఎనభై ఎనిమిది మందినీ ఎంచినట్టే కదండీ" అంది.

"నీకేమైనా అయితే?" అన్నాను.

"పెట్టింది మీరే గాని, ఆ కొసర్లన్నిటికీ అంటు కట్టింది ఈ చెయ్యే." వచ్చి ఆ పొద కుండీ అంచు పట్టుకుంది. "మీరు చెయ్యి వేస్తారా, నేనొక్కదాన్నే ఈడ్చనా?"

ఎండలో నిలబడి ఉంది. మొహం ఎర్రబడుతోంది, నుదురు పొడిగా ఉంది. ఆమె అక్కడ నిలబడే ప్రతి నిమిషానికీ భయపడి, చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి కుండీని ఫ్యాను ముందుకు లాగాం.

వేరు పట్టేదాకా కొమ్మల తడి ఆరకుండా చూడడానికి మాకు మిస్టు షెడ్డు ఉంది. మూడు నిమిషాలకోసారి పైనుంచి మంచులా నీరు చల్లుతుంది. ఒంట్లోంచి చెమట రాకపోతే బయటినుంచే పెడదామంది హైమ. నూట పన్నెండు మందినీ తీసుకువచ్చాం. పొద్దున పదినుంచి సాయంత్రం ఐదు దాకా, కొమ్మలు పెట్టే బల్లల మీద వరసగా పడుకునేవారు. చుట్టూ ఫ్యాన్లు. ఆ నెలలో కాలువలు కట్టేస్తారు కాబట్టి బోరు నీళ్ళే దిక్కు. నా పని బల్లల మధ్య తిరుగుతూ మనుషుల్ని లెక్కపెట్టడం. నూట పన్నెండు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి. మంగతాయారు దగ్గర ఆగకూడదనుకునేవాణ్ణి. ప్రతిసారీ ఆగేవాణ్ణి.

రోహిణి తొమ్మిదో రోజు, మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. జనరేటరు ఇరవై నిమిషాలు నడిచి ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. పైనుంచి పడే మంచు ఆగింది. ఒక నిమిషంలో నేల మీద తడి ఆరిపోవడం కళ్ళారా చూశాను. మందు కొట్టే స్ప్రేయర్లు పదకొండు ఉన్నాయి. అవసరం పడుతుందేమోనని ముందే కడిగి పెట్టింది హైమ. నేను, హైమ, జనానికి తోడు వచ్చినవాళ్ళు వీపుకు తగిలించుకుని, తలా పది మందికి నీళ్ళు కొట్టాం. నా ఒళ్ళంతా ధారలు కడుతోంది. వంగినప్పుడల్లా నా చెమట వాళ్ళ మీద పడుతోంది. బల్లల మీద ఉన్న ఒక్కరికీ లేనిది నాకు అంత ఉండడం చూసి, ఏదో దొంగిలించినవాడిలా సిగ్గుపడ్డాను. మంగతాయారు నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. "ఏమేవ్" అంటే కళ్ళతో పక్క బల్ల చూపించింది, ముందు వాళ్ళకు కొట్టమని.

యాభై నిమిషాలకు కరెంటు వచ్చింది. లెక్కపెట్టాను. నూట పదకొండు. దుళ్ళనుంచి వచ్చిన సూరన్న లేవలేదు. పది కొబ్బరి మొక్కలు కొని, కొసరు ఏదని గట్టిగా అడిగి పెట్టించుకున్న మనిషి.

ఆ ఎల్లుండి నెట్టులో మొదటి పువ్వు విచ్చింది. సాయంత్రానికి నలభై పూశాయి. మిస్టు షెడ్డు బల్లల మధ్య కుండీలు పెట్టి, మిగతావి ఇళ్ళకు పంపాం. ఈసారి ప్రతి కుండీకీ బిళ్ళ కట్టి, ఊరు, పేరు నేనే రాశాను. ఐదో రోజు పొద్దున్నే మాణిక్యం గోల పెడుతూ వచ్చింది. "చూడండి నూకరాజు గారూ, పాప మెడంతా ఎలా పేలిపోయిందో. రాత్రంతా ఒకటే ఏడుపు." పాప మెడ చుట్టూ ఎర్రగా చెమటకాయలు. ఆ పిల్ల మెడ చూసి హైమ నేల మీద కూలబడి, చిన్నప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది.

మంగతాయారుకు కుడివైపు చెమట వచ్చింది. ఎడమవైపు ఇప్పటికీ రాదు. వేసవిలో ఎడమ భుజం మీద తడిగుడ్డ వేసుకుని అంట్లు కడుతుంది. సింహాచలం మా దగ్గరే ఉన్నాడు. ఐదేసి మొక్కల చొప్పున లారీకి ఎక్కిస్తాడు. హైమ మళ్ళీ గులాబీ ముట్టలేదు. దొరకని రెండు మొక్కల గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేను కొసరు పెట్టడం మానేశాను. బేరాలు తగ్గాయి. తగ్గనీ అనుకున్నాను.

ఈ ఏడాది రోహిణిలో, మిట్టమధ్యాహ్నం, ఒకాయన కారు రోడ్డు మీదే ఆపి నడుచుకుంటూ వచ్చాడు. పది మామిడి అంట్లు ఏరుకున్నాడు. ఒంగోలు అవతలినుంచి వచ్చానన్నాడు. ఏరడానికి అరగంట ఎండలో తిరిగాడు. బిల్లు రాయబోతూ తలెత్తి చూశాను. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర కూడా మడత చెదరలేదు.

"కొసరు పెట్టరాండి? మా తోడల్లుడికి ఎవరో మీ దగ్గర పెట్టించుకున్న పన్నీరు గులాబీ ఇచ్చారండి. ఏం వాసన అండి అది. ఊళ్ళో అందరం తలా ఒక కొమ్మ తుంచుకున్నాం" అన్నాడు.

కలం కింద పెట్టి, ఆయన చేయి పట్టుకున్నాను. వేడిగా, పొడిగా ఉంది. మంగతాయారు నెట్టులోంచి వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఎన్ని ఇళ్ళండీ?" అని అడిగాను.

ఆయన నవ్వి, నా చేతిలో ఉన్న చేతిని అలాగే ఉంచి, రెండో చేతి వేళ్ళ మీద ఇళ్ళ పేర్లు చెప్పుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఐదు వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ చిటికెన వేలి దగ్గరికి వచ్చాడు. మళ్ళీ అయిపోయాయి. మళ్ళీ వచ్చాడు.